టాప్ మోడల్ కొన్నాక: కారులోని అక్కరలేని హంగులను అదుపులో పెట్టుకునే పద్ధతి

కిందటి ఆగస్టులో ఒక రాత్రి నాన్నా నేనూ హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తూ, సూర్యాపేట దాటిన కాసేపటికి జోరువానలో చిక్కుకున్నాం. స్టీరింగు దగ్గర నాన్న ఉన్నారు. ఆయన పాతికేళ్లపాటు మారుతి 800 నడిపిన మనిషి. ముందు అద్దానికి లోపలివైపు అంచుల నుంచి ఆవిరి పట్టడం మొదలై, నిమిషం తిరిగేసరికి ముందు వెళ్తున్న లారీ దీపాలు రెండు ఎర్రటి మరకలుగా మిగిలాయి. "ఏరా, అద్దానికి గాలి కొట్టేది ఎక్కడుంది?" అని అడిగారు. పాత కారులో అది చెయ్యి చాపితే తగిలే గుండ్రటి మీట. ఈ కారులో అది పది అంగుళాల తెరలో ఎక్కడో ఉంది. నేను పాటల పేజీ మూసి, ఏసీ పేజీ తెరిచి, అక్కడున్న రెండు బొమ్మల్లో ఏది ముందు అద్దానిదో ఏది వెనక అద్దానిదో పోల్చుకునేలోపు, నాన్న మెల్లగా వేగం తగ్గించి, ఎడమ పక్కన కనిపించిన పెట్రోలు బంకులోకి కారు తిప్పేశారు.

ఆ బంకు రేకుల కింద నిలబడి తెరలోని పేజీలన్నీ వెతికిన పావుగంటే ఈ వ్యాసానికి మూలం. ఇవాళ మన దగ్గర పదిహేను లక్షలు పెట్టి కొనే కారులో కూడా సన్‌రూఫ్, పెద్ద టచ్ స్క్రీన్, మాట వినే సహాయకురాలు, ఫోనులో యాప్, అడాస్ పేరుతో కారే బ్రేకు వేసే, కారే స్టీరింగు తిప్పే ఏర్పాట్లు వస్తున్నాయి. వీటిలో కొన్ని ప్రాణం కాపాడేవి, కొన్ని సౌకర్యం పెంచేవి, కొన్ని షోరూంలో చూపించడానికి తప్ప ఎందుకూ కొరగానివి. మూడింటినీ కలిపే అమ్ముతారు కాబట్టి విడదీసుకునే పని మనదే. నా మటుకు నేను ప్రతి హంగునూ మూడు ప్రశ్నలు అడుగుతాను. ఇది నా కన్ను రోడ్డు మీద నుంచి తప్పిస్తున్నదా? నేను ఆపేస్తే ఆగిపోయి ఉంటుందా, లేక మళ్లీ ఇంజను స్టార్ట్ చేయగానే తనంతట తానే మొదలవుతుందా? ఇది పనిచేయని రోజున అదే పని చేతితో చేసుకునే దారి నాకు తెలుసా? కారు కొన్న మొదటి వారంలోనే ఈ మూడో ప్రశ్నకు జవాబులు సంపాదించుకోవాలి.

ముందుగా, ముట్టుకోకూడనివి

హంగుల మీద విసుగుతో రక్షణ ఏర్పాట్లను కూడా ఆపేసేవారిని చూశాను. అది పెద్ద పొరపాటు. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ఎయిర్ బ్యాగులు, మలుపులో కారు జారకుండా పట్టుకునే ఈఎస్‌సీ, సీటు బెల్టు హెచ్చరిక, రివర్స్ సెన్సర్లు, టైరులో గాలి తగ్గిందని చెప్పే దీపం, ఇవి మన జోలికి రావు, అవసరమైన క్షణంలో మాత్రం పనిచేస్తాయి. ఈఎస్‌సీకి ఆపే బటను ఉన్నప్పటికీ అది ఇసుకలోనో బురదలోనో చక్రం దిగబడి ఉన్నచోటే తిరుగుతున్నప్పుడు వాడుకోవడానికే. బయటపడగానే మళ్లీ వేసేయాలి.

గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగే శబ్దం కంపెనీ సరదాకు పెట్టింది కాదు. 2019 జూలై 1 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కొత్త కారులోనూ డ్రైవరు ఎయిర్ బ్యాగుతో, సీటు బెల్టు హెచ్చరికతో, రివర్స్ సెన్సర్లతో పాటు ఇది కూడా ఉండి తీరాలన్నది చట్టం. దాన్ని ఆపించుకోవడానికి మెకానిక్కు డబ్బులు ఇవ్వకండి. బెల్టు పెట్టుకోకుండానే పెట్టుకున్నట్టు కారును నమ్మించే చిన్న లోహపు క్లిప్పుల సంగతీ అంతే. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్లను ఆదేశించి, అలాంటి క్లిప్పుల ప్రకటనలు 13 వేలకు పైగా తీయించింది. ఇంకా ఎవరి డ్యాష్‌బోర్డులోనైనా అది ఉంటే ఈరోజే తీసి పారేయండి. ఇక సంచి బరువుకు పక్క సీటు మోగుతుంటే సంచిని కింద పెట్టండి, లేదా సీటుకు బెల్టు తగిలించండి. అంతకు మించి చేయవలసిందేమీ లేదు.

ఆగి ఉన్న కారులో ఒక పూట

కొత్త కారు తాళం చేతికిచ్చే రోజున షోరూంలో దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, పది నిమిషాల్లో ముప్ఫై విషయాలు చెప్పి పంపేస్తారు. ఆ హడావుడిలో చెప్పింది ఎవరికీ గుర్తుండదు. కాబట్టి ఆ వారంలోనే ఒక ఆదివారం ఉదయం, నీడ ఉన్న ఆరుబయట కారు ఆపుకొని, యజమాని పుస్తకం, ఒక కాగితం, కలం పట్టుకొని కూర్చోండి. ఇంజను ఆపేసి తెర మాత్రం వెలిగించి గంటలసేపు ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది. అందుకని మధ్యమధ్య ఇంజను స్టార్ట్ చేస్తూ ఉండండి. అయితే సెల్లారులో గానీ తలుపులు మూసిన షెడ్డులో గానీ ఇంజను నడుపుతూ కూర్చోకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

తెరలో సెట్టింగులు అన్న చోటుకు వెళ్లి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కొక్కటే చదవండి. ప్రతి దాని ఎదుటా కాగితం మీద ఉంచాలి, తగ్గించాలి, ఆపాలి అన్న మూడు మాటల్లో ఒకటి రాయండి. తగ్గించడం అన్నది చాలామంది మరిచిపోయే దారి. హెచ్చరిక శబ్దాన్ని పూర్తిగా ఆపకుండా చిన్నది చేయవచ్చు, ముందు వాహనం దగ్గరైనప్పుడు వచ్చే హెచ్చరిక ముందుగా రావాలో ఆలస్యంగా రావాలో చెప్పవచ్చు, లైను తప్పినప్పుడు మోత బదులు స్టీరింగు వణికేలా మార్చుకోవచ్చు.

ఆ తర్వాత ఇంజను ఆపి, దిగి, తాళం వేసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ఎక్కండి. మీరు ఆపినవాటిలో ఏవి ఆగి ఉన్నాయి, ఏవి తిరిగి మొదలయ్యాయి అన్నది రాసుకోండి. ఇదే ఆ పూటకంతటికీ అసలు ఫలితం. తిరిగి మొదలయ్యేవాటి పట్టిక చిన్నదిగానే ఉంటుంది, నా కారులో మూడే ఉన్నాయి. బెల్టు పెట్టుకున్న తర్వాత, గేరు వేయకముందు ఆ మూడూ వరసగా ఆపడం ఇప్పుడు నాకు చేతికి అలవాటైన పని. యూరప్‌లో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకా అవసరం. అక్కడ 2024 జూలై 7 నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ వేగ పరిమితి దాటితే హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. దాన్ని ఆపే వీలుంది గానీ, ఇంజను స్టార్ట్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ వచ్చి కూర్చుంటుంది. స్టీరింగు మీద నక్షత్రం గుర్తుతోనో మరో గుర్తుతోనో మనకు నచ్చిన పని అప్పగించుకునే ఖాళీ బటను మీ కారులో ఉంటే, దాన్ని పాటలకు కాకుండా ఇలాంటి పనికి ఇవ్వండి.

తెర

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన హంగు ఇదే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. తెర మీద ఒక బొమ్మ వెతకడానికి మూడు సెకన్లు పట్టిందంటే 66 మీటర్ల దూరం మనం రోడ్డు చూడకుండా నడిపినట్టే. మీటనైతే వేలు తడిమి గుర్తుపడుతుంది. తెరకు ఎత్తుపల్లాలు లేవు, వేలు ఎక్కడ పడిందో కన్నే చెప్పాలి.

2022లో స్వీడన్‌కు చెందిన వి బీలాగారే అనే కార్ల పత్రిక దీన్ని కొలిచి చూపించింది. పన్నెండు కార్లను గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడిపిస్తూ, ఉష్ణోగ్రత పెంచడం, రేడియోలో ఒక స్టేషను పెట్టడం వంటి నాలుగు మామూలు పనులు చేయించారు. డ్రైవర్లకు ముందుగా కారుతో పరిచయం చేసుకునే సమయం కూడా ఇచ్చారు. మీటలు మాత్రమే ఉన్న 2005 నాటి వోల్వో వీ70లో ఆ పనులన్నీ పది సెకన్లలో, 306 మీటర్లలో పూర్తయ్యాయి. అందరికన్నా వెనకబడిన కొత్త కారుకు దాదాపు 45 సెకన్లు పట్టింది, ఆ సమయంలో అది 1,372 మీటర్లు ప్రయాణించింది. ఇలాంటి అనుభవాలు పెరిగాక, కార్లను పరీక్షించి రక్షణకు నక్షత్రాలు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ తన నియమాలు మార్చింది. 2026 నుంచి అక్కడ ఐదు నక్షత్రాలు పూర్తిగా రావాలంటే ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారను, అత్యవసర సహాయపు కాల్, ఈ ఐదింటికీ విడిగా మీటలు ఉండాలి. తెరను తప్పుపట్టేవాళ్లందరూ పాతకాలపు మనుషులని అనుకునేవారికి ఈ సంగతి చెప్పండి.

ఇప్పటికే కొన్న కారులో తెరను పీకలేం కాబట్టి, దానితో మన లావాదేవీలు తగ్గించుకోవాలి. బయలుదేరే ముందే ఏసీ ఉష్ణోగ్రత 24 దగ్గర పెట్టి ఆటో మీద వదిలేయండి. దారి, పాట, ఫోను కలపడం, ఇవన్నీ బండి కదలకముందే పూర్తి కావాలి. మొదటి పేజీలో మీకు కావలసిన గుర్తులు మాత్రమే ఉంచి, మిగతావి వెనక్కి జరపండి. చాలా తెరల్లో గుర్తును నొక్కిపట్టి జరిపే వీలుంది. రాత్రివేళ తెర వెలుగును బాగా తగ్గించండి, లేదా గడియారం మాత్రం కనిపించేలా పెట్టండి. డ్యాష్‌బోర్డు చుట్టూ రంగులు మారే దీపాల పట్టీలు ఉంటే వాటిని ఆపేయండి. వాటి ప్రతిబింబం పక్క అద్దంలో పడి, వెనక వచ్చే బండి దీపంతో కలిసిపోతుంది.

కళ్లు మూసుకొని చేయగలగాలి అన్నది నేను పెట్టుకున్న కొలత. ఆగి ఉన్న కారులో కళ్లు మూసుకొని, వైపరు వేగం పెంచడం, ముందు అద్దానికి గాలి తిప్పడం, హజార్డ్ లైట్లు వేయడం, శబ్దం పూర్తిగా తగ్గించడం, ఈ నాలుగూ చేసి చూడండి. ఏది చేతకాలేదో దానికి మరో దారి వెతకాలి. మా కారులో ముందు అద్దపు గాలికి విడి మీట లేదు. కానీ తెరను ఒక అంచు నుంచి లోపలికి జరిపితే ఏసీ పేజీ నేరుగా వస్తుందని, అందులో ఎడమ చివరనున్నదే ముందు అద్దపు గుర్తని ఆ బంకు దగ్గర కనిపెట్టాం. నాన్న ఆ చోటుకు సరిగ్గా పక్కన, తెర చట్రం మీద, మందుచీటీకి వాడే తెల్ల టేపు ముక్క ఒకటి అంటించారు. కారు అందం చెడిందని చూసినవాళ్లు అంటారు. చీకట్లో ఆయన వేలు మొదట ఆ టేపును తాకుతుంది, అక్కడి నుంచి లోపలికి జరుగుతుంది. ఆ ముక్కను నేను తీయనివ్వను.

ఆవిరి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. అద్దం లోపలివైపు మసకబారితే ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి తిప్పి, లోపలి గాలే తిరిగే పద్ధతిని ఆపి బయటి గాలి రానివ్వాలి. బయటివైపు మసకబారితే అద్దం మరీ చల్లబడిందని అర్థం. వైపరు తిప్పి, అద్దం మీదికి చల్లగాలి ఆపి, ఉష్ణోగ్రత పెంచాలి. ఏది ఏ వైపునో వేలితో తుడిచి చూస్తే తెలుస్తుంది.

కారే బ్రేకు వేస్తానంటే

అడాస్ అంటే ఒక్కటి కాదు. ముందు అద్దం పైభాగంలో అద్దానికి ఆనించిన కెమెరా, చాలా కార్లలో ముందు బంపరులోనో కంపెనీ గుర్తు వెనకో ఉండే రాడారు కలిసి చేసే అరడజను పనులకు పెట్టిన ఉమ్మడి పేరు. కాబట్టి అంతా ఉంచడమో అంతా ఆపడమో కాకుండా, ఏ పనిని ఎక్కడ ఉంచాలో వేరువేరుగా నిర్ణయించుకోవాలి.

లైను తప్పకుండా స్టీరింగును పట్టి లాగే ఏర్పాటు గీతలు తేటగా ఉన్న హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట పనికొస్తుంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద అర్ధరాత్రి కునుకు పట్టబోయే డ్రైవరును అది మేల్కొల్పగలదు. అదే మీరు ఊరి రోడ్డు మీదికి దిగి, గుంత తప్పించడానికో, ఎడ్లబండికి దారి ఇవ్వడానికో, ఇండికేటరు వేయకుండా పక్కకు జరిగితే అది స్టీరింగును వెనక్కి లాగుతుంది. కోతల కాలంలో రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. ఆ రాళ్లకూ గీతకూ మధ్య మనం ఎందుకు జరుగుతున్నామో కెమెరాకు తెలియదు. కాబట్టి జాతీయ రహదారి దిగే మలుపు దగ్గరే దాన్ని ఆపే అలవాటు చేసుకోండి. రహదారి మీద ఉన్నంతసేపూ లైను మారే ముందు ఇండికేటరు వేయండి. ఇండికేటరు వేస్తే అది స్టీరింగు లాగదు, వెనకవాళ్లకూ మేలు.

అత్యవసర బ్రేకు సంగతి వేరు. దాన్ని పూర్తిగా ఆపమని నేను చెప్పను. నగరపు రద్దీలో బైకులు అడ్డంగా దూరినప్పుడు అది ఉలిక్కిపడి బ్రేకు వేస్తే వెనకవాళ్లు గుద్దే అవకాశం ఉన్నమాట నిజమే. అయితే దానికి విరుగుడు, హెచ్చరిక సమయాన్ని ఆలస్యం అన్న మెట్టుకు మార్చడం, ముందు బండికి కాస్త ఎక్కువ దూరం పాటించడం. వేగాన్ని తనంతట తాను సర్దుకునే క్రూజ్ కంట్రోలును మాత్రం నాలుగు వరసల రోడ్డు మీద, పగలు, పొడి వాతావరణంలో తప్ప వాడకండి. సర్వీసు రోడ్డు నుంచి ఎదురుగా వచ్చే ఆటోను, డివైడరు సందులోంచి దాటే మనిషిని అది సకాలంలో గుర్తిస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. హెడ్‌లైట్లను తనంతట తానే పైకీ కిందికీ మార్చే ఏర్పాటును నేను మొదటి వారంలోనే ఆపేశాను. దీపం సన్నగా ఉన్న మోపెడ్డును అది ఆలస్యంగా పోల్చుకుంటుంది, ఈలోపు ఎదుటివాడి కళ్లు చెదురుతాయి.

ఇక సంరక్షణ. రాడారు ముందు స్టిక్కరు, అలంకారపు పలక, లోహపు గార్డు పెట్టించకండి. నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టేటప్పుడు కూడా అది రాడారు ముందు వేలాడకుండా కాస్త పక్కకు కట్టండి. ముందు అద్దం పగిలి మార్పించినప్పుడు కెమెరాను మళ్లీ సరిచూసి అమర్చే పని తప్పనిసరి. ఆ ఖర్చు ఇన్సూరెన్సు క్లెయిములో చేరిందా లేదా అని అద్దం విప్పకముందే అడగండి.

తాళం, హ్యాండ్ బ్రేకు, బ్యాటరీ

బటను నొక్కితే స్టార్టయ్యే కారులో తాళం జేబులో ఉంటే చాలు, అంతవరకూ బాగానే ఉంది. ఆ తాళంలో నాణెం లాంటి సెల్ ఒకటి ఉంటుంది, చాలావాటికి సీఆర్2032 రకం. అది అయిపోయిన రోజున కారు తలుపే తీయదు. ఆ రోజు కోసం తాళపు పెట్టెలోనే సన్నటి లోహపు తాళంచెవి దాచి ఉంటుంది. దాన్ని ఇవాళే ఊడదీసి, తలుపు పిడి దగ్గర దాని రంధ్రం ఎక్కడుందో చూసి, ఒకసారి తెరిచి చూడండి. కొన్ని కార్లలో ఆ రంధ్రం మీద మూత ఉంటుంది. లోపలికి వెళ్లాక తాళపు పెట్టెను స్టార్టు బటనుకు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టవుతాయి, కొన్నింటిలో ఆనించాల్సిన చోటు వేరే ఉంటుంది, పుస్తకంలో చూసుకోండి. అదనపు సెల్ ఒకటి డ్యాష్‌బోర్డు అరలో కాకుండా పర్సులో పెట్టుకోండి. తాళాన్ని ఇంట్లో కారుకు దగ్గరి గోడకు తగిలిస్తే కొన్ని కార్లు రాత్రంతా దాన్ని పలకరిస్తూనే ఉంటాయి, ఇద్దరి బ్యాటరీలూ తొందరగా దిగుతాయి.

నడుస్తుండగా కారును ఆపాల్సి వస్తే ఎలాగన్నది కూడా ముందే తెలియాలి. చాలా కార్లలో స్టార్టు బటనును రెండు మూడు సెకన్లు నొక్కిపట్టినా, వరసగా నొక్కినా ఇంజను ఆగుతుంది. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు మీటను లాగిపట్టి ఉంచితే కారు క్రమంగా ఆగుతుంది. ఇవి రోడ్డు మీద ప్రయోగం చేసి చూడవలసినవి కావు, పుస్తకంలో చదివి ఇంట్లోవాళ్లందరికీ చెప్పవలసినవి. పాత కారులో హ్యాండ్ బ్రేకు లాగడం పక్క సీటులోని వాళ్లకు కూడా తెలుసు. కొత్త కారులో ఆ మీట ఎక్కడుందో చాలామంది ఇంట్లోవాళ్లకు తెలియదు.

బ్యాటరీ దిగితే ఆ హ్యాండ్ బ్రేకు వదలదు, అంటే తోసి జరపడం కూడా కుదరదు. పిల్లలు విదేశాల్లో ఉండి ఊళ్లో అమ్మానాన్నలకు కొనిచ్చిన కార్లకు ఈ బాధ ఎక్కువ. నెలలో నాలుగుసార్లు కూడా కదలని కారులో తెర, సిమ్, అలారం నిద్రలోనూ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. వారానికి ఒకసారి అరగంట నడపాలి, లేకపోతే బ్యాటరీ చార్జరు కొని పెట్టాలి. మరో కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే జంపర్ కేబుళ్లు డిక్కీలో పెట్టకండి. కరెంటుతో తెరుచుకునే డిక్కీ ఆ రోజు తెరుచుకోకపోవచ్చు, సీటు కింద పెట్టండి.

సిగ్నల్ దగ్గర ఇంజనును ఆపి మళ్లీ స్టార్ట్ చేసే ఏర్పాటు విషయంలో నా అభిప్రాయం మారింది. మొదట్లో ప్రతిరోజూ ఆపేసేవాణ్ని. రెండు నిమిషాలు నిలవాల్సిన కూడలిలో అది పెట్రోలు మిగులుస్తుందన్న మాట వాస్తవం. అయితే పది అడుగులకోసారి ఆగే రద్దీలో, యూ టర్ను తీసుకునే చోట, ఎత్తు మీద దాన్ని ఆపేయడమే నయం. వలయంగా తిరిగిన బాణం మధ్యలో ఇంగ్లీషు A అక్షరం ఉన్న బటను దానిదే. ఈ ఏర్పాటున్న కార్లకు మామూలు బ్యాటరీ సరిపోదు, దీనికోసమే చేసిన ఖరీదైన రకం వేయాలి. తక్కువ ధరకు దొరికిందని మామూలుది వేయించుకుంటే తొందరలోనే మళ్లీ కొనాల్సి వస్తుంది.

సన్‌రూఫ్ గురించి రెండు మాటలు చాలు. మన ఎండలకు దాని తెరను మూసే ఉంచుతాం, కాబట్టి వాడకం కన్నా సంరక్షణే ఎక్కువ. దాని నాలుగు మూలలా నీళ్లు పోయే సన్నటి గొట్టాలుంటాయి. వేపచెట్టు కింద నిలిపే కారులో ఆకులు, పూత చేరి అవి పూడిపోతే వాననీరు కాళ్ల కింది కార్పెట్టులోకి దిగుతుంది. వానాకాలం ముందు వాటిని సర్వీసులో శుభ్రం చేయించండి. కదిలే కారులోంచి పిల్లలను పైకి నిలబడనివ్వకండి. బతిమాలినా సరే.

జేబులో తాళం పెట్టుకొని కారు కడిగితే కొన్ని కార్లలో డిక్కీ తనంతట తానే తెరుచుకుంటుంది, వైపర్లు ఆటోలో ఉంటే నీళ్ల పైపు పట్టగానే తిరుగుతాయి. కడిగే ముందు తాళం ఇంట్లో పెట్టండి, వైపరు మీటను ఆఫ్‌లోకి తెండి.

ఫోను, యాప్, సిమ్

కారులో ఉన్న సిమ్ వల్ల ఫోనులోంచే తలుపులు తీయడం, ఏసీ వేయడం, కారు ఎక్కడుందో చూడడం సాధ్యమవుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారును ఎక్కే ముందు పది నిమిషాలు చల్లబరచుకోవడం నిజంగా హాయి, దాన్ని అక్కరలేని హంగు అని నేను అనలేను. అయితే సెల్లారులో ఉన్న కారును పై అంతస్తు నుంచి స్టార్ట్ చేయకండి, కారణం పైన చెప్పాను. యాప్‌ను నమ్ముకొని తాళం ఇంట్లో వదిలి వెళ్లడం కూడా ప్రమాదమే. మన్ననూరు దాటి శ్రీశైలం వైపు నల్లమలలోకి వెళ్తే చాలాదూరం సిగ్నల్ ఉండదు. అక్కడ తలుపు తీయాలంటే చేతిలో తాళం ఉండాలి, దారి చూపాలంటే మ్యాపును ముందే ఫోనులో దింపుకొని ఉండాలి.

ఈ సేవలు మొదట కొన్నేళ్లు ఉచితం, ఆ తర్వాత ఏడాదికింత అని అడుగుతారు. గడువు ఏ తేదీన ముగుస్తుందో, ముగిశాక ఏవేవి ఆగిపోతాయో కొనేటప్పుడే రాయించుకోండి. కారులో అమర్చి ఉన్న వస్తువుకే నెలనెలా డబ్బు అడిగే పద్ధతి కూడా చూశాం. సీట్లను వేడిచేసే ఏర్పాటుకు కొన్ని దేశాల్లో బీఎండబ్ల్యూ 2022లో చందా పెట్టి, విమర్శలు వచ్చాక 2023లో మానుకుంది.

మన ప్రయాణాల సమాచారం ఎవరికి చేరుతున్నదన్నది ఇంకా గట్టి విషయం. 2023 సెప్టెంబరులో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వెనకున్న లాభాపేక్ష లేని సంస్థ మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల కంపెనీల గోప్యతా విధానాలు పరిశీలించి, ఒక్కటి కూడా తమ కనీస ప్రమాణాలు అందుకోలేదని ప్రకటించింది. కాబట్టి యాప్ పెట్టుకున్న రోజే అందులో గోప్యత అన్న పేజీ తెరిచి, నడిపే తీరుకు మార్కులు వేసేది, ప్రకటనలకు అనుమతి అడిగేది, మైకును ఎప్పుడూ వింటూ ఉంచేది ఆపండి. ప్రమాదం జరిగితే సహాయానికి కాల్ చేసే ఏర్పాటును మాత్రం ఉంచండి. మాట వినే సహాయకురాలు మాకైతే మనుషుల మధ్య మాటకే ఎక్కువసార్లు పలికింది, అందుకే ఆపేశాం. ఫోనును కారుకు కలిపేటప్పుడు కాంటాక్టులు, మెసేజీలు కాపీ చేసుకోనా అని తెర అడుగుతుంది. అద్దె కారులో, ఇతరుల కారులో అయితే వద్దని చెప్పండి.

ఇంకా కొననివారికి

మొదట నక్షత్రాలు అడగండి. కార్ల రక్షణకు నక్షత్రాలు ఇచ్చే మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ కారును పరీక్షించారా, ఎన్ని నక్షత్రాలు వచ్చాయి అన్న ప్రశ్న తెర ఎన్ని అంగుళాలు అన్నదాని కన్నా ముందు రావాలి. తర్వాత వేరియంట్ల పట్టిక తీసుకొని, మీకు నిజంగా కావలసినవి, అంటే ఎయిర్ బ్యాగులు, ఈఎస్‌సీ, వెనక వైపరు, రివర్స్ కెమెరా, ఏ మెట్టు నుంచి మొదలవుతున్నాయో గీత గీయండి. చాలాసార్లు ఆ గీత మధ్య వేరియంటు దగ్గరే పడుతుంది. దాని పైన పెట్టే డబ్బు సన్‌రూఫుకూ రంగుల దీపాలకూ పోతుంది. టెస్ట్ డ్రైవుకు పగలు కాకుండా సాయంత్రం చీకటి పడ్డాక వెళ్లండి, కారు ఆపి ఉంచి, పైన చెప్పిన నాలుగు పనులు కళ్లు మూసుకొని చేసి చూడండి. ఇంట్లో ఎవరు నడుపుతారో వాళ్లందరినీ డ్రైవరు సీటులో కూర్చోబెట్టండి.

సర్వీసు సెంటరులో ఇంకో జాగ్రత్త ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామని చెబితే, మీరు ఆపి ఉంచినవన్నీ మళ్లీ మొదలై ఉండవచ్చు. ఆ రోజు ఇంటికి బయలుదేరే ముందు మీ కాగితం తీసి ఒకసారి సరిచూసుకోండి. నచ్చని హంగును వైర్లు కోయించి ఆపించకండి. ఒక వైరు మీద నాలుగు పనులు నడిచే కార్లు ఇవి, వారంటీ కూడా పోతుంది.

కారు అమ్మే రోజున అందరూ ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్ చూసుకుంటారు గానీ తెరను మరిచిపోతారు. ముందుగా యాప్‌లోంచి కారును తొలగించండి. తర్వాత తెరలో ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఫోను నంబర్లు, ఇంటి చిరునామా, వెళ్లిన చోట్లు పోతాయి. సెకండ్ హ్యాండు కారు కొంటున్నవారు ఇదే పనిని తిరగేసి చేయాలి. పాత యజమాని యాప్‌లోంచి కారు పోయిందా అని ఎదురుగా చూడాలి, లేకపోతే మీ కారు ఎక్కడుందో ఆయనకు కనిపిస్తూనే ఉంటుంది, తలుపులూ తెరుచుకుంటాయి. తాళాలు రెండూ తీసుకొని, రెండింటితోనూ స్టార్ట్ చేసి, లోపల దాచిన లోహపు తాళంచెవులు ఉన్నాయో లేదో ఊడదీసి చూసి, ఆ తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి.